బారూకు విద్య, బారూకు వేదన

(ధ్యానభాగము: యిర్మీయా 36, 45 అధ్యాయములు)



గత సంవత్సరము శ్రమల దినములలో ఒక సాయంకాలారాధన ముగిసిన పిమ్మట ఒక యువతి నా యొద్దకు వచ్చి, కొంతసేపు మాటలాడుటకు వీలగునా యని అడిగెను. ఆమె విశ్వవిద్యాలయములో చరిత్రశాఖయందు పరిశోధన చేయుచున్నది. అది ఆమెకు అయిదవ సంవత్సరము. ఆమె తాత పల్లెలో కూలిపని చేసికొనుచు, పెద్దవాడైన తరువాత మిషను రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొన్నవాడు. తండ్రి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. తమ్ముడు ఇంజనీరింగు ముగించి అమెరికాకు పోయి, అక్కడ ఉద్యోగములో కుదురుకొని, ఇంటి అప్పు తీర్చుచున్నాడు. ఆమె మాత్రము ఇంకను "చదువుకొనుచునే" యున్నది. ఇరుగుపొరుగువారు ఆ మాటను ఏ స్వరముతో పలుకుదురో, పరిశోధక విద్యార్థి యున్న ప్రతి ఇంటివారికిని తెలిసినదే.

"అయ్యగారూ, మా సంఘపెద్ద ఒకరు నాకు బారూకును గూర్చిన వాక్యము తీసి చూపించినారు. గొప్పవాటి జోలికి పోవద్దని దేవుడే చెప్పియుండగా ఇంకను ఈ చదువెందుకు, చాలించి దొరికిన పని చేసికొమ్మన్నారు. కళాశాలలో అధ్యాపకురాలి ఉద్యోగము కావలెనని ప్రార్థన చేయుట పాపమా?" అని ఆమె అడిగెను.

"పాపము కాదమ్మా" అంటిని. అంతకు మించి ఆ రాత్రి నేను చెప్పినది ఏమంత విలువైనది కాదు. ఇంటికి వచ్చి భోజనమైన తరువాత హెబ్రీ గ్రంథము తెరచి, ఆ అధ్యాయమును మొదటినుండి చదివితిని. నలువది అయిదవ అధ్యాయము యిర్మీయా గ్రంథములో అన్నిటికంటె చిన్నది, అయిదే వచనములు. నేను సెమినరీలో అనేక సంవత్సరములు ఆ గ్రంథమును బోధించితిని గాని, ఆ అయిదు వచనములను అనుబంధమువలె భావించి త్వరత్వరగా దాటిపోయినవాడనే. ఆ చిన్న అధ్యాయము ఉన్నత విద్య చదివిన ఒక యౌవనస్థుని భవిష్యత్తును గూర్చినదని ఆ రాత్రి నాకు మొదటిసారి తోచినది.

బారూకు ఎవడు? నేరీయా కుమారుడు, మహసేయా మనుమడు. వృత్తిచేత లేఖికుడు. ఆ దినములలో లేఖికుడనగా కేవలము చక్కని దస్తూరి గలవాడు కాడు. పత్రములు వ్రాయు విధానము, సాక్షులచేత సంతకములు చేయించు క్రమము, ముద్ర వేయు పద్ధతి, లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు, ఇవన్నియు గురువుల యొద్ద కూర్చుండి నేర్చినవాడు. రాజనగరులో లేఖికులకు ప్రత్యేకమైన గదియే యుండెను. అట్టి విద్య నేర్చినవాడు రాజుకు ఆలోచనకర్తల సమూహములో చేరుట అసంభవము కాదు. యూదుల చరిత్రకారుడైన యోసేపస్ కూడ బారూకు గొప్ప వంశములో పుట్టినవాడనియు, స్వభాషలో మిక్కిలి ప్రవీణుడనియు వ్రాసియున్నాడు.

అతని నేర్పునకు దృష్టాంతము ముప్పది రెండవ అధ్యాయములో నున్నది. యిర్మీయా తన బంధువైన హనమేలు యొద్ద అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొన్నప్పుడు, క్రయపత్రములు రెండు సిద్ధమైనవి. ఒకటి ముద్ర వేసినది, ఒకటి తెరచియున్నది. రెంటిని బారూకు చేతికిచ్చి, బహుకాలము నిలుచునట్లు మంటికుండలో ఉంచుమని ప్రవక్త ఆజ్ఞాపించెను. 1960-61 సంవత్సరములలో మృతసముద్ర తీరమున యూదయ అరణ్యపు గుహలో దొరికిన పత్రములలో, ప్రవక్త కాలమునకు చాల తరువాతివే యైనను, ఇట్టి రెండు ప్రతుల పద్ధతి స్పష్టముగా కనబడినది. మూసిన ప్రతి మోసమునకు అడ్డు; తెరచిన ప్రతి నిత్యావసరమునకు. పట్టణము శత్రువుల ముట్టడిలో నుండగా కూడ పత్రమును పత్రమువలెనే వ్రాయించిన ప్రవక్తను చూడుడి. విశ్వాసమున్నది గనుక పద్ధతితో పనిలేదని ఆయన అనలేదు.

ఇక నలువది అయిదవ అధ్యాయము. యెహోయాకీము ఏలుబడిలో నాలుగవ సంవత్సరము, అనగా క్రీ.పూ. 605 ప్రాంతము. యిర్మీయా నోటిమాటగా చెప్పుచుండగా బారూకు చుట్టలో వ్రాయుచున్నాడు. ఇరువది మూడు సంవత్సరముల ప్రసంగములు అతని కలము క్రింద ఒక్కొక్క పంక్తిగా దిగుచున్నవి. వ్రాయుచు వ్రాయుచు అతడు కృంగిపోయెను. తన నొప్పికి తోడు దేవుడు దుఃఖమును కూడ చేర్చెననియు, మూలిగి మూలిగి అలసితిననియు, నెమ్మది దొరకలేదనియు మొరపెట్టెను. సిద్ధాంతవ్యాసము వ్రాయుచున్నవారికి ఈ మూలుగును వ్యాఖ్యానించి చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. రాజు ఆ చుట్టను కాల్చినది మరుసటి సంవత్సరము తొమ్మిదవ నెలలో. బారూకు మూలుగు అంతకు ముందటిదే. తన శ్రమ బూడిద యయ్యెనని అతడు ఏడ్వలేదు. తాను వ్రాయుచున్న మాటల అర్థము అతనిని క్రుంగదీసినది. ఏ రాజనగరులో తన విద్యకు స్థానము దొరకవలసి యుండెనో ఆ నగరే కూలిపోవునని తన చేతితోనే వ్రాయుచున్నాడు. ఎంతో శ్రమపడి ఒక వృత్తికి సిద్ధపడి, గుమ్మము నొద్దకు వచ్చునప్పటికి ఆ ఇల్లే పడిపోవుచున్నదని తెలిసికొనినవాని దుఃఖమది. శాశ్వతమైన అధ్యాపక పదవులు ఏండ్ల తరబడి భర్తీ కాక, గెస్టు లెక్చరర్లతోను కాంట్రాక్టు లెక్చరర్లతోను బోధన సాగుచున్న శాఖలను చూచినవారు ఈ దుఃఖము పాతదని అనలేరు.

దేవుడు అతనికేమి బదులు చెప్పెను? మొదట తన దుఃఖమునే చెప్పెను. తాను కట్టినదానిని తానే పడగొట్టుచున్నాననియు, తాను నాటినదానిని తానే పెల్లగించుచున్నాననియు చెప్పెను. కట్టినవాడు తాను కట్టినదానిని పడగొట్టునప్పుడు కలుగు నొప్పి బారూకు నొప్పికంటె చిన్నదా? ఆ మాట తరువాతనే, నీవు నీకొరకై ఘనమైన సంగతులను కోరుకొందువా యని ప్రశ్నించి, వాటిని కోరవద్దనెను. ఈ వరుస మరచి, చివరి మాట మాత్రము తీసి యౌవనస్థుల మెడకు కట్టుట న్యాయము కాదు.

భాషాంతరము చేయువాడనైనందున నాకు పదములయొద్ద ఆగు అలవాటు. "గొప్పవి" అనుటకు హెబ్రీలో ఉన్న పదము "గెదోలోత్". ఇదే పదము ఇదే గ్రంథములో ముప్పది మూడవ అధ్యాయము మూడవ వచనములో ఉన్నది. అక్కడ, తనకు మొరపెట్టువానికి వాడెరుగని గొప్ప సంగతులను తెలియజేతునని దేవుడే వాగ్దానము చేయుచున్నాడు. "వెదకుట" అను క్రియయు అట్టిదే. ఇరువది తొమ్మిదవ అధ్యాయములో బబులోనుకు పోయిన చెరవారితో, పూర్ణమనస్సుతో తన్ను వెదకినయెడల కనుగొందురని దేవుడు పలికిన మాటలో ఇదే క్రియ. కాబట్టి గొప్ప సంగతులు నిషిద్ధము కావు, వెదకుట నిషిద్ధము కాదు. రెంటికి నడుమ నున్న "లెకా" అను చిన్న పదమే ముల్లు. "నీకొరకు" అని దాని అర్థము. నేను చూచినంతమట్టుకు వేదికలమీద ఈ వాక్యము ఎత్తి చూపువారు పెద్ద పదములను గట్టిగా పలికి, చిన్న పదమును మింగివేయుదురు.

ఈ వాక్యమును చదువునకు వ్యతిరేకముగా వాడుటకు తరచుగా చెప్పబడు కథ యొకటి కలదు. 1852లో ఇంగ్లండులో స్పర్జను అను యౌవనస్థుడు వేదాంత కళాశాలలో చేరు విషయమై ఆ కళాశాల ప్రధానాధ్యాపకుని కేంబ్రిడ్జిలో ఒక ప్రచురణకర్త ఇంట కలిసికొనవలసి యుండెను. పనిపిల్ల వారిద్దరిని వేర్వేరు గదులలో కూర్చుండబెట్టినందున, ఒకరి కొరకు ఒకరు కనిపెట్టి, చివరకు కలియకయే వెళ్లిపోయిరి. ఆ దినమే స్పర్జను మైదానములో నడచుచుండగా బారూకునకు చెప్పబడిన మాట ఆయన మనస్సునకు బలముగా తగిలెను. ఆయన కళాశాలలో చేరలేదు. కథ ఇంతవరకే చెప్పి ఆపుదురు. 1856లో ఆయనయే యువ బోధకుల కొరకు ఒక కళాశాల స్థాపించి, తుదివరకు దానిని పోషించిన సంగతి ఎవరును చెప్పరు. తనకు మూయబడిన తలుపును ఇతరులకు తెరచినవాడు ఆయన.

హెన్రీ మార్టిను మార్గము వేరు. ఆయన 1801లో కేంబ్రిడ్జిలో గణితశాస్త్రమునందు అందరికంటె ప్రథముడాయెను. అంత గొప్ప విజయము చేతికి వచ్చినప్పుడు తాను పట్టుకొన్నది నీడ మాత్రమేనని తోచినట్లు తరువాత చెప్పుకొనెను. 1806లో మన దేశమునకు వచ్చి, హిందుస్తానీలోనికిని, పిమ్మట పారసీలోనికిని క్రొత్త నిబంధనను భాషాంతరము చేసి, 1812లో 31 ఏండ్ల వయస్సున టర్కీ దేశపు తోకాతులో మరణించెను. గణితములో నేర్చిన నిర్దుష్టతను ఆయన పారవేయలేదు, వ్యాకరణములోనికి తెచ్చుకొనెను.

బారూకునకు ఒక సహోదరుడుండెను. ఏబది యొకటవ అధ్యాయములో సిద్కియా రాజుతో బబులోనునకు ప్రయాణమైన శెరాయా అను అధికారిని గూర్చి చదువుదుము. అతడును నేరీయా కుమారుడే, మహసేయా మనుమడే. అన్నయో తమ్ముడో వ్రాయబడలేదు. ఒకే ఇంట పుట్టి, బహుశః ఒకే గురువు నొద్ద చదివిన ఇద్దరిలో ఒకడు రాజుతో ప్రయాణము చేయు హోదాలోనికి వచ్చెను. రెండవవాడు, దేవాలయములో అడుగిడరాదని అడ్డగింపబడిన ప్రవక్తకు వ్రాయసగాడాయెను. పండుగ దినమున ఆ ఇంట తల్లి ఇద్దరికి వడ్డించుచు ఎవరివైపు ఎట్లు చూచెనో గ్రంథము చెప్పదు. తమ్ముడు పంపిన సొమ్ముతో ఇంటి అప్పు తీరుచుండగా, ఫెలోషిప్పు సొమ్ము నాలుగు నెలలకొకసారి వచ్చుచున్న అక్క దానిని ఊహించుకొనగలదు. అయితే శెరాయాను నేను దూషింపను. బబులోను నాశనమును గూర్చిన గ్రంథమును తీసికొనిపోయి, అక్కడ చదివి, రాయి కట్టి యూఫ్రటీసులో పడవేయుమని యిర్మీయా నమ్మి అప్పగించినది ఆ అధికారికే. జీతము ఎక్కువగా వచ్చు సహోదరుని దేవుడు విడిచిపెట్టలేదు.

ఇప్పుడు ముప్పది ఆరవ అధ్యాయమునకు వత్తము. చలికాలపు నగరు, రాజు ఎదుట కుంపటి మండుచున్నది. యెహూది చదువుచున్నాడు. మూడు నాలుగు పుటలు చదివినంతనే రాజు చాకుతో వాటిని కోసి కుంపటిలో వేయుచున్నాడు. ఆ చాకు హెబ్రీలో "లేఖికుని చాకు" అని చెప్పబడినది. కలము చెక్కుకొనుటకును చుట్టను సరిచేయుటకును లేఖికులు వాడునది. బారూకు వృత్తికి సంబంధించిన పనిముట్టుతోనే బారూకు పని నాశనమైనది. ఎల్నాతాను, దెలాయ్యా, గెమర్యా బ్రతిమాలిరి గాని రాజు వినలేదు. చుట్టయంతయు కాలిపోయెను.

అంతట దేవుని ఆజ్ఞ ఏమి? మరియొక చుట్ట తీసికొని మరల వ్రాయుమని. యిర్మీయా చెప్పెను, బారూకు సిరాతో వ్రాసెను, మొదటి చుట్టలో లేని మాటలు కూడ అనేకములు చేర్చబడెను. మన యొద్ద నున్న గ్రంథము కాలిన ప్రతి కాదు. బారూకు తనకొరకే వ్రాసియుండినయెడల రెండవసారి వ్రాయగలిగియుండునా? పేరుకొరకు వ్రాసినవానికి మొదటి ప్రతి కాలుట అంతము. రాజు తిరస్కరించిన వ్రాత ఇంక ఏ పదవిని తేగలదు? ముందటి సంవత్సరము దేవుడు పలికిన ఆ కఠినమైన మాట, బారూకు చేతిలోని కలమును ఊడదీయుటకు కాదు. రెండవసారి వ్రాయవలసిన దినమున ఆ కలము జారిపోకుండ నుండుటకు ఆ మాట అతనికి ముందే ఇయ్యబడెనని నేను నమ్ముచున్నాను.

మన దేశములోనే ఇట్టిది జరిగినది. 1812 మార్చి 11న సెరాంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియయ్యెను. విలియం కేరీ ఏండ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతియు, ఇతర వ్రాతప్రతులును, అనేక భాషల అచ్చు అక్షరములును పోయినవి. అచ్చుయంత్రములును అక్షరములు పోతపోయు మూసలును మిగిలినవి. కేరీయు ఆయన సహచరులును కొన్ని నెలలలోనే మరల పని సాగించిరి. తెలుగు వ్యాకరణముపై కేరీ వ్రాసిన గ్రంథము 1814లో వెలువడెను. ఆ నిఘంటువు మాత్రము ఎన్నడును పూర్తికాలేదు. పోయినదంతయు తిరిగి వచ్చునని నేను చెప్పను. అట్లు చెప్పువారిని నమ్మకుడి.

దేవుడు బారూకునకు ఇచ్చిన వాగ్దానము కూడ అంతే పొదుపైనది. అతడు వెళ్లు స్థలములన్నిటిలో అతని ప్రాణమును కొల్లసొమ్మువలె అతనికి దక్కించెదనని. కొల్లసొమ్ము గెలిచిన సైన్యమునకు దక్కునది. ఓడిన యుద్ధమునుండి ఒట్టి చేతులతో పరుగెత్తివచ్చినవానికి తన ప్రాణమే కొల్లసొమ్ము. కూషీయుడైన ఎబెద్మెలెకునకును ఇదే వాగ్దానము. పదవి వాగ్దానము చేయబడలేదు, నెమ్మదియు వాగ్దానము చేయబడలేదు. యెరూషలేము పడిన తరువాత, యిర్మీయాను రేపుచున్నది బారూకేనని జనులు నిందించి, ఇద్దరిని ఐగుప్తులోని తహపనేసునకు కొనిపోయిరి. నిందకూడ సహాయకునికే తగులుట లోకరీతి.

ప్రియ పరిశోధక విద్యార్థులారా, మీతో కొన్ని మాటలు సూటిగా చెప్పవలెను. ఉద్యోగము కొరకు సిద్ధపడుట అవిశ్వాసము కాదు. ప్రస్తుత నిబంధనల ప్రకారము పిహెచ్.డి.కి కనీసము 3 సంవత్సరములు, సాధారణముగా గరిష్ఠము 6 సంవత్సరములు. ఈ గడువు మొదటి దినమునుండియే మీకు తెలిసినదే గనుక, చివరి సంవత్సరములో మాత్రమే భవిష్యత్తును గూర్చి తలంచుట భక్తి యనిపించుకొనదు, అజాగ్రత్త. నెట్ పరీక్ష వ్రాయవలసినవారు పరిశోధన తొలి దినములలోనే వ్రాయుడి. వ్రాసిన ప్రతి అధ్యాయమును రెండు చోట్ల భద్రపరచుడి, మంటికుండ పాఠమది. మీ శాఖవారు కానివారికి అర్థమగునట్లు మీ పరిశోధనను పది నిమిషములలో చెప్పుట అభ్యసించుడి. ఇది ఇంటర్వ్యూలో పనికివచ్చును, ఇంటిలో అమ్మకు చెప్పుటకును పనికివచ్చును. అధ్యాపక పదవి ఒక్కటే చదువునకు గమ్యమని ఎవరు చెప్పిరి? పురాలేఖన శాలలు, గ్రంథాలయములు, ప్రచురణాలయములు, భాషాంతర కార్యము, పాఠశాలలు, ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, వీటన్నిటిలో శ్రద్ధగా చదివి స్పష్టముగా వ్రాయగలవారు కావలసియున్నారు. బారూకు నేర్చినది రాజనగరు కొరకు. అది పనికివచ్చినది చెరసాల గోడల నీడలో.

పరుల వాక్యములను తమవిగా వ్రాసికొనుటను గూర్చి 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము కట్టుదిట్టమైన నియమములు చేసినది. వ్రాతలో పోలిక నూటికి పదికి మించినచో శిక్ష యుండును. మనకు మాత్రము ఆ పది లెక్క కాదు, ఎనిమిదవ ఆజ్ఞయే లెక్క. బారూకును ఈ వ్రాత ఎట్లు వ్రాసితివని అధిపతులు అడిగినప్పుడు, యిర్మీయా నోట పలుకగా తాను సిరాతో వ్రాసితినని చెప్పెను. ఎవరి మాటయో, ఎవరి చేతివ్రాతయో ఒక్క వాక్యములో తేల్చి చెప్పిన మొదటి పరిశోధక సహాయకుడని నేను తరగతిలో నవ్వులాటకు అనుచుందును.

ఇక్కడ కొంత ప్రక్కకు పోవుదును. 1978లో నహమాన్ అవిగాద్ అను యూదు పురావస్తు పండితుడు, "నేరీయా కుమారుడును లేఖికుడునైన" బారూకు పేరుగల ఒక మంటిముద్రను ప్రకటించెను. అది పురాతన వస్తువుల అంగడినుండి వచ్చినది. నేనును అనేక సంవత్సరములు విద్యార్థులకు దాని చిత్రము చూపి సంతోషించితిని. 2014లో ఇద్దరు శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో పరీక్షించి, అది నవీన కాలపు నకలు అని తేల్చిరి. నాకు అది చేదుగానే యుండెను. అయినను ఆ సంవత్సరమే నా బోధనపత్రములనుండి ఆ చిత్రమును తీసివేసితిని. దేవుని వాక్యమునకు దొంగముద్రతో పనిలేదు. మరియొక ముద్ర యున్నది. 1982లో యెరూషలేములో దావీదుపురపు త్రవ్వకములలో యీగాల్ షీలో బృందమునకు, ఆ పట్టణము కాలిన పొరలో, షాఫాను కుమారుడైన గెమర్యా అను పేరుగల మంటిముద్ర దొరికెను. ఇది అంగడి సరుకు కాదు, నేలలోనుండి తీసినది. ముప్పది ఆరవ అధ్యాయములోని గెమర్యా ఇతడేయని అనేకమంది పండితులు తలంచుచున్నారు. పత్రములను కాల్చిన అగ్నియే ఆ మంటిముద్రను గట్టిపరచెను.

దరఖాస్తులను గూర్చి మరియొక మాట. అది వ్రాయుటకు నా కలము వెనుకాడుచున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును బట్టి క్రైస్తవ దళితులకు షెడ్యూల్డు కులముల హక్కులు లేవు. మన రెండు తెలుగు రాష్ట్రములలో వారు వెనుకబడిన తరగతుల "సి" వర్గములో, నూటికి ఒక్క వంతులో లెక్కింపబడుచున్నారు. ఒకే పేటలో, ఒకే అవమానమును అనుభవించి పెరిగిన ఇద్దరిలో, బాప్తిస్మమును దాచినవానికి ఒక ద్వారము, ఒప్పుకొన్నవానికి మరియొక ఇరుకు ద్వారము. ఈ ఉత్తర్వు అన్యాయమైనదని నా దృఢాభిప్రాయము. దానిని మార్చవలెనని చట్టబద్ధముగా అడుగుట మన హక్కు. కాని మతము అను గడిలో ఏమి వ్రాయవలెనో తెలియక నిద్రలేని రాత్రి గడుపు విద్యార్థికి నేనేమి చెప్పుదును? కడుపు నిండినవాడు వేదికనెక్కి అట్టివానిని గద్దించుట సులభము. నేను గద్దింపను. ప్రభువు పేరును ఒప్పుకొనుమని చెప్పుదును. ఒప్పుకొన్నందున ఉద్యోగము తప్పినవాని ఇంట బియ్యము నిండుకొన్న దినమున సంఘము అతని గుమ్మమున నిలువనియెడల, ఆ మాట చెప్పుటకు నాకు గాని సంఘమునకు గాని అధికారము లేదని కూడ చెప్పుదును.

పెద్దలారా, ఇందుచేత నా మాట మీ వైపు తిరుగుచున్నది. బారూకు ఒంటరిగా పనిచేయలేదు. షాఫాను కుటుంబము ఆ కథ యంతటిలో కనబడుచునే యున్నది. అహీకాము ప్రవక్త ప్రాణము కాపాడెను. బారూకు మొదటిసారి చుట్ట చదివినది దేవాలయములో గెమర్యా గదిలో. గెమర్యా కుమారుడైన మీకాయా విని, ఆ వార్తను అధిపతులకు అందించెను. అధిపతులు బారూకును నిలువబెట్టి ప్రశ్నింపక, కూర్చుండి చదువుమని గౌరవించిరి. తరువాత, నీవును యిర్మీయాయు దాగుకొనుడి, మీరున్న చోటు ఎవరికిని తెలియనియ్యకుడి యని హితవు చెప్పిరి. వీరిలో ఎవరును బారూకు వ్రాయవలసిన పంక్తి ఒక్కటియు వ్రాయలేదు. గది ఇచ్చిరి, విని మేలు చేసిరి, ఆపద ముందుగా తెలిపిరి. పరిశోధన చేయు యువతితో, "పెండ్లి ఎప్పుడు, ఉద్యోగమెప్పుడు" అను రెండు ప్రశ్నలు తప్ప మూడవ ప్రశ్న మన నోట వచ్చుచున్నదా? "ఇప్పుడు ఏ అధ్యాయము వ్రాయుచున్నావమ్మా, ఎక్కడ ఆగినది?" అని అడుగుటకు డాక్టరేటు అక్కరలేదు. విశ్రాంత ఆచార్యులు, న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు ప్రతి పట్టణ సంఘములోను ఉన్నారు. దరఖాస్తు చదివి తప్పులు దిద్దుటకు, ఇంటర్వ్యూకు ముందురోజు ఒక గంట ప్రశ్నలు వేయుటకు వారికి తీరిక లేదా?

ఆ యువతితో నేను మరల మాటలాడితిని. అయిదు వచనములు కలిసి చదివితిమి. ఆమె చాలసేపు "లెకా" అను పదమును గూర్చియే ప్రశ్నలు వేసెను. అధ్యాపక పదవిని తాను ఎవరికొరకు కోరుచున్నదో నిజముగా తనకే తెలియదనియు, తాతకొరకు కొంత, తమ్మునితో సమానముగా నిలుచుటకు కొంత, చరిత్ర తెలియని పిల్లలకొరకు కొంత యనియు చెప్పెను. కోరికలను ధాన్యమువలె చెరుగుటకు నాకు చేతకాదు. దేవుడు బారూకును ప్రశ్నించెనే గాని, అతని హృదయము పూర్తిగా శుద్ధియగువరకు కలము ముట్టవద్దనలేదని మాత్రము చెప్పితిని. అప్పుడామె "మా పెద్దగారికి ఈ మాట మీరే చెప్పండి, అయ్యగారూ" అని నవ్వెను. చెప్పితిని. ఆయన మంచివాడు, విని, ఊరకుండి, ఆ పిల్ల ఇంటిలో వ్రాసికొనుటకు చోటు లేదట, రెండు గదులలో ఆరుగురట, ఆ సంగతి మీకు తెలియునా యని నన్నే అడిగెను. నాకు తెలియదు.

ఆమె సిద్ధాంతవ్యాసము ఈ వర్షాకాలములో సమర్పించినది. శాశ్వత ఉద్యోగము ఇంకను రాలేదు. వేరొక జిల్లాలోని డిగ్రీ కళాశాలలో గెస్టు లెక్చరరుగా, గంటల లెక్కన ఇచ్చు జీతముతో పనిచేయుచు, నోటిఫికేషను వచ్చినప్పుడెల్ల దరఖాస్తు పెట్టుచున్నది. దేవాలయము వెనుక పాత బెంచీలును క్రిస్మసు నక్షత్రములును పడవేసియుండిన గదిని ఆ పెద్దగారే శుభ్రము చేయించి, రెండు బల్లలు, ఒక ఫ్యాను, దీపములు పెట్టించినారు. ఇప్పుడు అందులో ముగ్గురు విద్యార్థులు వ్రాసికొనుచున్నారు. శుక్రవారము సాయంకాలము స్త్రీల కూడిక యుండును. మిగిలిన దినములలో రాత్రి పది గంటలవరకు తాళపుచెవి కాపలావాని యొద్ద దొరకును.